నికాహ్ దఫ్తర్‌కు సర్వర్ కొన్న హిసాబ్



ఈ ఆర్నెల్లలో నాలుగు జమాత్‌ల వాళ్ళు ఫోన్ చేశారు. నంద్యాల నుంచి ఒకరు, ఆదోని నుంచి ఒకరు, మిగతా ఇద్దరు గుంటూరు వైపు వాళ్ళు. అందరి సవాల్ ఒకటే. "భాయ్, మీ మసీదులో నికాహ్ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారంట కదా. సర్వర్ ఏది తీసుకున్నారు? మెమరీ ఎంత వేయించారు? మాకు షాపాయన మూడు లక్షలు చెప్తున్నాడు, అంత జరూరతా?" ఫోన్లో చెబితే సగం అర్థమవుతుంది, మిగతా సగం మధ్యలో అజాన్‌కి ఆగిపోతుంది. అందుకని మొత్తం హిసాబ్ ఇక్కడ రాసి పెడుతున్నా. కొంచెం లంబా అవుతుంది, సబర్‌తో చదవండి.

సర్వర్లు చూసుకోవడం నా పేషా. హైదరాబాద్‌లో పదిహేనేళ్ళుగా అదే రోటీ. కానీ ఆఫీసు పైసాతో సర్వర్ కొనడం వేరు, జుమా నమాజ్ తర్వాత రుమాలు పరిచి పోగుచేసిన పైసాతో కొనడం వేరు. అక్కడ పది వేలు ఎక్కువైతే ఎవరూ అడగరు. ఇక్కడ ఆ రుమాల్లో పడిన పది రూపాయల నోటు ఏ పంక్చర్ షాపు చచ్చా జేబులోంచి వచ్చిందో నాకు తెలుసు. అది అమానత్. జకాత్ పైసా దీనికి ముట్టుకోలేదని కూడా ముందే చెప్పేస్తున్నా, దాని హక్‌దార్లు వేరే. ఇది ఖాలిస్ చందా. మొత్తం 1,85,000 రూపాయలు. పోగవడానికి ఏడు నెలలు పట్టింది. కొన్నది 2023లో.

మాది కర్నూలు పాతబస్తీ. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ. 2009 అక్టోబర్ 2 జుమా రోజు. ఆ జుమా మా మసీదులో నమాజ్ జరగలేదు. గల్లీలో మనిషి మునిగేంత నీళ్ళు, ఎత్తు అరుగు మీదున్న మసీదు లోపల ఛాతీ లోతు. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోస్తే దఫ్తర్ అలమారా బయటపడింది. అందులో 56 నికాహ్ రిజిస్టర్లు. పై అరల్లోవి అంచులు తడిసి దక్కాయి. కింది అరల్లోని 11 ముద్దయిపోయాయి. మిద్దె మీద ఆరబెట్టాం, పేజీకీ పేజీకీ మధ్య పాత అఖ్‌బార్ పెట్టి చూశాం. సియాహీ మొత్తం కరిగి నీలం మరకయింది. ఆరిన తర్వాత ఒక్కో రిజిస్టర్ ఒక్కో ఇటుకలా తయారైంది. మిగిలింది 45.

మా పక్క గల్లీలో ఒక ఖాలా ఉన్నారు. ఆమె నికాహ్ 1971లో మా మసీదులోనే జరిగింది. 2011లో ఖాలూ ఇంతెఖాల్ అయ్యారు. ఆయనది సర్కారీ నౌకరీ. ఫ్యామిలీ పెన్షన్ కోసం వెళితే కాగితాల్లో ఆమె పేరు ఒకచోట "బీ" అని, ఇంకోచోట "బేగం" అని ఉంది. "ఇద్దరూ ఒకరే అని సుబూత్ ఏంటి, నికాహ్‌నామా నకల్ తెండి" అన్నారు. 1971 రిజిస్టర్ ఆ పదకొండింటిలో పోయింది. నికాహ్ చదివించిన ఖాజీ సాబ్ లేరు, గవాహ్‌లు ఇద్దరూ లేరు. అఫిడవిట్లు, మొహల్లా పెద్దల వాంగ్మూలాలు, ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసు. మూడేళ్ళు తిరిగారు. చివరికి వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్, కానీ ఆ మూడేళ్ళు ఇల్లు ఎలా నడిచిందో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. మేము చందా మొదలుపెట్టినప్పుడు ఖాలా ఐదు వందలు పంపించారు. "మేరా కాగద్ తో గయా బేటా, దూస్రోంకా తో రహ్నే దో" అన్నారంట.

ఈ సర్వర్ దేనికి అంటే దానికి. సినిమాలు చూడ్డానికి కాదు, ఆటలాడ్డానికి కాదు.

షాపు నుంచి కొటేషన్ వచ్చిన రోజు ఇషా తర్వాత మష్వరా పెట్టుకున్నాం. 64 జీబీ మెమరీ, అన్నిటికంటే వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవులు రెండు, మొత్తం 3,10,000. కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం అని ఉంది. 18 శాతం అంటే ఇంకో 55,800. ఖాజిన్ సాబ్‌కి ఇనుప సామాన్ల దుకాణం, ఆయన కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు. "ఇత్తా పైసా కైకూ భాయ్? హమారే ఛోటేకా పురానా ల్యాప్‌టాప్ పడా హై నా ఘర్‌మే." కమిటీలో కొత్తగా చేరిన ఇంజనీరింగ్ పిల్లాడొకడు ఉన్నాడు. "చచ్చా, ల్యాప్‌టాప్ నక్కో. ఒకసారి కొంటున్నాం, కొనేదేదో ఫాస్ట్‌ది కొందాం. ఎన్‌వీఎంఈ అయితే సెకనుకి 7,000 ఎంబీ చదువుతుంది" అన్నాడు. సదర్ సాబ్ రిటైరైన లెక్కల మాస్టారు. ఇద్దర్నీ విని నా వైపు తిరిగి, "ఈ ఫాస్ట్ ఎవరి కోసం బేటా? ఎవరు ఎదురుచూస్తున్నారు?" అని అడిగారు.

పదిహేనేళ్ళలో ఆఫీసులో ఏ పెద్దమనిషి నోటా నేను వినని సవాల్ అది. ఆ తర్వాత మేము తీసుకున్న ఫైసలాలన్నీ ఆ ఒక్క సవాల్‌కి జవాబులే.

ఆ రోజు వాళ్ళకి చెప్పినట్టే మీకూ చెప్తా. కంప్యూటర్లో సామాను మూడు చోట్ల ఉంటుంది. దస్తర్‌ఖాన్ మీద పెట్టింది ర్యామ్. చెయ్యి చాపితే అందుతుంది. కానీ జాగా తక్కువ, ఖరీదు ఎక్కువ, కరెంటు పోతే దస్తర్‌ఖాన్ దులిపేసినట్టే, ఏమీ మిగలదు. బావర్చీఖానా అలమారాలో ఉన్నది ఎస్‌ఎస్‌డీ. లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. నానీ కాలం నాటి సందూక్‌లో ఉన్నది హార్డ్ డిస్క్. పైనున్న పరుపులు దింపి, తాళం తీసి, అడుగున వెతకాలి. కానీ ఎంతైనా పడుతుంది, చవక.

వీటి మధ్య ఫర్క్ ఎంతో లెక్కలో చూడండి. ర్యామ్‌లో ఉన్నది అందుకోవడానికి సుమారు 100 నానో సెకన్లు. మంచి ఎస్‌ఎస్‌డీకి సుమారు 100 మైక్రో సెకన్లు, అంటే వెయ్యి రెట్లు. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, సెకనుకి 120 చుట్లు. మనకు కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అది 4 మిల్లీ సెకన్లు. సూది చెయ్యి కదిలే టైమ్ కూడా కలుపుకుంటే 10 మిల్లీ సెకన్లు వేసుకోండి. ఇవి మన బుర్రకి ఎక్కే అంకెలు కావు. అందుకని ఇలా అనుకోండి. దస్తర్‌ఖాన్ మీది ఉప్పు అందుకోవడానికి ఒక సెకను అయితే, అలమారా నుంచి తేవడానికి 17 నిమిషాలు, సందూక్ నుంచి తేవడానికి దాదాపు 28 గంటలు.

ఇది వినగానే పిల్లాడు "చూశారా!" అన్నాడు. ఆగు బేటా అన్నా. అసలు లెక్కలో 28 గంటలు అంటే సెకనులో నూరో వంతే కదా. సందూక్ ఒకసారి తెరిస్తే ఏ మనిషికీ తెలియదు. లక్ష సార్లు తెరవాల్సి వస్తే పావుగంట దాటిపోతుంది. కాబట్టి చూడాల్సింది డ్రైవు ఎంత ఫాస్ట్ అని కాదు, ఏ పనికి ఎన్నిసార్లు లేచి వెళ్ళాలి అని. పేరు పెట్టి వెతకడం, మెషీన్ ఆన్ అవడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవడం, ఇవి వేలసార్లు లేచి వెళ్ళే పనులు. ఒక నికాహ్ పేజీ ఫోటో తెరిచి చూపించడం ఒక్కసారి వెళ్ళి తెచ్చే పని.

ఈ తరాజు నేను కనిపెట్టింది కాదు. 1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలూ అని ఇద్దరు ఐదు నిమిషాల సూత్రం అని ఒకటి రాశారు. అప్పటి ధరల్లో ఒక్క కిలోబైట్ మెమరీ ఐదు డాలర్లు. డిస్క్ నుంచి సెకనుకి ఒకసారి తెచ్చే సామర్థ్యం కొనాలంటే రెండు వేల డాలర్లు. రెండు వేలను ఐదుతో భాగిస్తే 400. అంటే దాదాపు ఐదారు నిమిషాలకు ఒకసారైనా అవసరమయ్యే వస్తువును మెమరీలోనే ఉంచుకోవడం చవక, అంతకంటే అరుదుగా కావలసింది డిస్క్‌లో ఉంచడం చవక. అంతే. ఆ ధరల్లో మేము కొన్న 16 జీబీ మెమరీ ఎనిమిది కోట్ల డాలర్లు దాటుతుంది! ధరలు మారాయి, నిమిషాలు మారాయి, తూచే పద్ధతి మారలేదు. ఈ జిమ్ గ్రే 2007 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఉపగ్రహం ఫోటోలు పంచుకుని వేలమంది వెతికారు, దొరకలేదు. ఈ సూత్రం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ సంగతి కూడా గుర్తొస్తుంది.

మా రిజిస్టర్లకు ఈ తరాజు పెట్టి చూడండి. ఖాలా నికాహ్ 1971. ఆ పేజీ అవసరం పడింది 2011. ఐదు నిమిషాలకు ఒకసారి కాదు, నలభై ఏళ్ళకు ఒకసారి. అలాంటి పేజీని ప్రపంచంలో అన్నిటికంటే వేగమైన డ్రైవు మీద పెట్టడం ఇస్రాఫ్. దానికి కావలసింది వేగం కాదు. నలభై ఏళ్ళ తర్వాత అడిగినా అక్కడే, అలాగే ఉండటం.

ఇక సైజు లెక్క. ఏ4 సైజు పేజీని 300 డీపీఐతో స్కాన్ చేస్తే 2,480 అడ్డం, 3,508 నిలువు చుక్కలు. చుక్కకి మూడు బైట్లు. కుదించకుండా దాచుకుంటే పేజీకి 26 ఎంబీ. 45 రిజిస్టర్లు, ఒక్కోదానికి 200 పేజీలు, మొత్తం 9,000 పేజీలు. 234 జీబీ. రోజూ చూడ్డానికి కుదించిన నకళ్ళు పేజీకి 3 ఎంబీ చొప్పున ఇంకో 27 జీబీ. మరి వెతకడానికి కావలసింది? దుల్హా పేరు, దుల్హన్ పేరు, వాలిద్‌ల పేర్లు, గవాహ్‌లు, తారీఖు, మెహర్. ఒక్కో నికాహ్‌కి ఒక కిలోబైట్ వేసుకున్నా 9,000కి 9 ఎంబీ.

ఇది ఇంకోసారి చదవండి. మా మొహల్లాలో జరిగిన తొమ్మిది వేల నికాహ్‌ల పేర్ల ఫెహ్రిస్త్ మొత్తం కలిపి ఒక్క పేజీ ఫోటోలో సగం కూడా లేదు. అది మెమరీలో ఏ మూల కూర్చున్నా తెలియదు. వెతుకులాట అంతా దస్తర్‌ఖాన్ మీదే జరిగిపోతుంది, సందూక్ దాకా వెళ్ళే పనే లేదు. మరి 64 జీబీ దేనికి? ఆపరేటింగ్ సిస్టమ్‌కి, డేటాబేస్‌కి, నలుగురైదుగురు ఒకేసారి వాడుకునే ప్రోగ్రామ్‌కి కలిపి నాలుగు జీబీ చాలు. మిగిలిన మెమరీని లినక్స్ ఖాళీగా ఉంచదు, ఇవాళ తెరిచిన ఫోటోలను అందులోనే పెట్టుకుంటుంది. 16 అంటే కుషాదాగా సరిపోతుందని ఫైసలా చేశాం. 8 జీబీవి రెండు పెడితే రెండు దారుల్లో నడిచి ఇంకొంచెం వేగం వచ్చేది. కానీ బోర్డు మీద ఖానాలు నాలుగే. చిన్న పలకలతో వాటిని నింపేస్తే రేపు పెంచుకోవాలన్నప్పుడు పాతవి పీకి పారేయాలి. ఆ వేగం కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని 16ది ఒకటే పెట్టి మూడు ఖానాలు ఖాళీగా వదిలేశాం.

కానీ మెమరీలోనే ఒకచోట పైసా ఎక్కువ పెట్టాం. ఈసీసీ మెమరీ. ఖాజిన్ సాబ్ ల్యాప్‌టాప్‌కి నేను ఒప్పుకోకపోవడానికి అసలు కారణం ఇదే, పరువు కాదు. మెమరీలో అంకె అంటే ఎనిమిది సున్నాలూ ఒకట్లూ. 1 అనే అంకె 00110001గా ఉంటుంది, 5 అనేది 00110101గా. చూడండి, ఒక్క గడి ఫర్క్. ఏ కారణం చేతనో ఆ ఒక్క గడి తిరగబడితే 1,100 రూపాయల మెహర్ 5,100 అవుతుంది. మెషీన్ ఆగదు, ఎర్ర అక్షరాలు రావు, తప్పు అంకె నిజం లాగే డిస్క్ మీదికి వెళ్ళి కూర్చుంటుంది. ఇది వహమ్ కాదు. గూగుల్ తన వేల సర్వర్ల మీద టొరంటో యూనివర్సిటీతో కలిసి చూసి 2009లో అచ్చువేసిన పరిశోధనలో ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ పలకల్లో ఇలాంటి తప్పులు కనిపించాయి. ఈసీసీ మెమరీ 64 గడులకు 8 గడులు కాపలా పెడుతుంది. ఒక గడి తిరగబడితే తనే సరిచేస్తుంది, రెండు తిరగబడితే గుర్తుపట్టి చెబుతుంది. మామూలు మెమరీ కంటే ఖరీదు, పైగా బోర్డూ ప్రాసెసరూ దానికి తగ్గవి ఉండాలి. వేగం ఏమాత్రం పెరగదు. మెహర్ ఒక ఔరత్ హక్. ఆ అంకె దగ్గర బచాయించడం నాకు ఇష్టం లేదు.

షాపుల్లో "రిజిస్టర్డ్ మెమరీ" అని ఇంకోటి చూపిస్తారు. నికాహ్ రిజిస్టర్ పని కదా అని అది కొనేరు! అది పెద్ద సర్వర్ల కోసం. మామూలు ఈసీసీ వేసుకునే బోర్డుల్లో పనిచెయ్యదు, డీడీఆర్4లో అయితే ఖానాలో చక్కగా పడుతుంది కూడా, కానీ మెషీన్ లేవదు. కొనే ముందు బోర్డుకి ఏది నప్పుతుందో రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు పిల్లాడి ఎన్‌వీఎంఈ సంగతి. సెకనుకి 7,000 ఎంబీ, నిజమే. కానీ సర్వర్ నుంచి దఫ్తర్ టేబుల్ మీది కంప్యూటర్‌కి మధ్య ఉన్నది గిగాబిట్ వైరు. ఎంత తోసినా సెకనుకి 125 ఎంబీ కంటే పోదు, ఆచరణలో 110. ఆ 26 ఎంబీ పేజీ ఎన్‌వీఎంఈ మీద ఉన్నా, సగం ధర ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నా, ఆఖరికి సెకనుకి 150 ఎంబీ చదివే హార్డ్ డిస్క్ మీద ఉన్నా, వైరు దాటి టేబుల్ మీదికి రావడానికి పావు సెకను పడుతుంది. నదిలో ఎంత నీళ్ళున్నా కుళాయి సైజే కదా బిందె నింపేది. ఇది చెప్పాక పిల్లాడు ఒక నిమిషం ఆలోచించి, "అయితే వైరు మారుద్దాం భాయ్" అన్నాడు. అందరం నవ్వాం. వాడు మంచి ఇంజనీర్ అవుతాడు, ఇన్‌షాఅల్లాహ్.

అందుకని సాటా ఎస్‌ఎస్‌డీలు 960 జీబీవి రెండు తీసుకున్నాం, సెకనుకి 550 ఎంబీ. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, కుదించిన ఫోటోలు వీటి మీద. ఇక్కడ కూడా ఇంట్లో వాడే చవక రకం కాకుండా, లోపల చిన్న కెపాసిటర్లు ఉన్న సర్వర్ రకం తీసుకున్నాం. రాస్తుండగా హఠాత్తుగా కరెంటు పోతే, చేతిలో ఉన్న నాలుగు ముద్దలూ పళ్ళెంలో పెట్టేంత కరెంటు ఆ కెపాసిటర్లలో ఉంటుంది. మా వైపు ఎండాకాలం కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. యూపీఎస్ ఉంది కదా అంటారు. యూపీఎస్ బ్యాటరీ రెండేళ్ళకు నీరసపడుతుంది, ఆ సంగతి కరెంటు పోయిన రోజే తెలుస్తుంది.

234 జీబీ పెద్ద ఫోటోలకు హార్డ్ డిస్క్‌లే, 4 టీబీవి రెండు. అంత పెద్దవి ఎందుకంటే, ఒక టీబీ డిస్క్ ధర 4 టీబీ ధరలో నాలుగో వంతు ఉండదు. పైగా పక్క మసీదు వాళ్ళు కూడా రిజిస్టర్లు తెస్తామంటున్నారు. డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ రకమా ఎస్ఎంఆర్ రకమా అని అడగండి. ఎస్ఎంఆర్‌లో గీతలు ఇంటిమీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఉంటాయి. కింది పెంకు మార్చాలంటే పైవి ఎత్తాలి. కొత్త రాతలకు పర్వాలేదు, చెడిపోయిన డిస్క్ బదులు కొత్తది పెట్టి నింపేటప్పుడు రోజులు తినేస్తుంది. రెండు డిస్కులూ ఒకే రోజు ఒకే పెట్టెలోంచి తీసినవి కాకుండా వేరే వేరే చోట్ల కొన్నాం. కవలలకు జబ్బు కూడా కలిసే వస్తుంది.

రెండేసి ఎందుకంటే, ఒకదాని మీద రాసిందల్లా రెండోదాని మీదా పడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతి వాడాం. అది చదివినప్పుడల్లా రాతను దాని గుర్తుతో సరిచూసుకుని, ఒకదాంట్లో చెడితే రెండోదాని నుంచి బాగుచేస్తుంది. కానీ ఇది హిఫాజత్‌లో సగమే. ఎవరో పొరపాటున ఒక రిజిస్టర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. తుంగభద్ర వస్తే రెండూ కలిసే మునుగుతాయి. సర్వర్‌ని మసీదు మిద్దె మీది గదిలో పెట్టాం, అయినా నదిని నమ్మేది లేదు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టకుండా వదిలేయడం కాదని మక్తబ్‌లోనే చెప్పారు కదా. అందుకని బయటి డిస్కులు రెండు కొని, నెలకొకసారి నకల్ తీసి ఒకటి హైదరాబాద్‌లో మా ఆపా ఇంట్లో పెడుతున్నాం. నేను వచ్చేటప్పుడు పాతది తెస్తా, వెళ్ళేటప్పుడు కొత్తది తీసుకెళ్తా. దాని మీద అంతా తాళం వేసిన రాతే, పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు. బస్సులో సంచీ పోయినా పోయేది డిస్కే, జనం పర్దా కాదు. ఆ రిజిస్టర్ల అంచుల్లో తలాక్‌లు, ఖులాలు, రెండో నికాహ్‌లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. అవి ఎవరి కంటా పడకూడదు. పాస్‌వర్డ్ రెండు సీలు వేసిన లిఫాఫాల్లో ఉంది, ఒకటి సదర్ సాబ్ దగ్గర, ఒకటి మోతమద్ సాబ్ దగ్గర. మూడు నెలలకొకసారి ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి, ఏవో ఇరవై పేజీలు తెరిచి అసలు రిజిస్టర్‌తో పోల్చి చూస్తాం. ఈ ఆఖరి పని చాలామంది చెయ్యరు. నకల్ ఉందని నిద్రపోతారు.

పైసా హిసాబ్. 16 జీబీ ఈసీసీతో టవర్ సర్వర్ 78,000. ఎస్‌ఎస్‌డీలు రెండూ 28,000. హార్డ్ డిస్కులు 19,000. బయటి డిస్కులు 17,000. యూపీఎస్ 9,000. జీఎస్టీతో కలిపి 1,51,000. రసీదులన్నీ నోటీసు బోర్డు మీద అంటించాం. ఖాజిన్ సాబ్ ఒక జుమా అంతా దాని పక్కనే నిలబడి వచ్చినవాళ్ళకి చూపించారు.

మిగిలిన 34,000 ఎక్కడ పెట్టామో అది అన్నిటికంటే ముఖ్యం. స్కానర్ ఒక కాలేజీ లైబ్రరీ వాళ్ళు అరువు ఇచ్చారు, జజాకల్లాహ్. కానీ ఆ ఫోటోల్లోని రాత చదివేదెవరు? పాత ఖాజీ సాబ్‌లది షికస్తా ఉర్దూ. నుక్తాలు ఉండవు, ఒక మాట తోక ఇంకో మాటలో కలిసిపోతుంది, "హుసేన్" ఎక్కడో "హసన్" ఎక్కడో ఏ మెషీనూ నమ్మకంగా చెప్పలేదు. మొహల్లాలో ఒక రిటైరైన ఉర్దూ ఉస్తాద్ గారు ఉన్నారు. ఆయన చదువుతుంటే డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు టైప్ చేస్తారు. రోజుకి 60 పేజీలు దాటవు. 9,000 పేజీలకు 150 పనిదినాలు. మేము కొన్నదానికి పదిరెట్లు వేగమైన డ్రైవు పెట్టినా ఇందులో ఒక్క రోజు తగ్గదు. ఉస్తాద్ గారి కళ్ళజోడు మార్పించాం, టేబుల్ మీద మంచి లైటు పెట్టించాం, దానితో రోజుకి పది పేజీలు పెరిగాయి! అమ్మాయిలిద్దరికీ మొదటి మూడు నెలల జీతం ఆ 34,000లోంచే వెళ్ళింది. తర్వాతి నెలలకు మళ్ళీ రుమాలు పరిచాం.

ఇప్పుడు కొనేవాళ్ళకి ఒక మాట. 2025 రెండో సగం నుంచి మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ తయారీకి కంపెనీలు అటు మొగ్గడంతో మామూలు మెమరీకి కరువొచ్చింది. నేను చెప్పిన ధరలకు ఇవాళ దొరకదు. కాబట్టి "తర్వాత ఎలాగూ పెరుగుతుంది, ఇప్పుడే 64 వేయించుకోండి" అనే మాట వింటే తొందరపడకండి. ముందు మీ పేజీలు లెక్కపెట్టండి. ఆదోని భాయ్ తమ దగ్గర ఇరవై రిజిస్టర్లే ఉన్నాయన్నారు. అంటే నాలుగు వేల పేజీలు, 104 జీబీ. దానికి 8 జీబీ ఈసీసీ చాలు, ఎస్‌ఎస్‌డీలు 480 జీబీవి చాలు. కానీ బయటి డిస్కులు మాత్రం రెండూ కొనండి, ఒకటి వేరే ఊళ్ళో పెట్టండి.

నంద్యాల వాళ్ళు కొటేషన్ ఫోటో తీసి పంపిస్తామన్నారు, ఇంకా రాలేదు. జీఎస్టీ కలిపి ఉందో లేదో చూసి పంపండి. నాకు ఇషా తర్వాతే ఫుర్సత్.